సింహమా, కృష్ణజింకా?

బళ్లారిలో మూడు తరములుగా బట్టల వ్యాపారము చేయుచున్న ఒక జైన కుటుంబము కార్తిక పూర్ణిమ తరువాత సౌరాష్ట్ర యాత్రకు పోవలెనని నిశ్చయించెను. పాలితాణాలో శత్రుంజయ దర్శనము, జునాగఢ్ వద్ద గిరినార్ దర్శనము ముందే కుదిరినవి. ఈ రెండింటి నడుమ ఒక్క దినము మిగిలెను. ఆ దినమున పిల్లవానికి ఒక అడవి చూపవలెనను మాట వచ్చినది. ఏ అడవి అన్నచోట ఇంటిలో వాదము పుట్టెను.

పదునాలుగేండ్ల మనుమడు గిర్ అనెను. ఆసియా సింహములు అడవిలో స్వేచ్ఛగా బ్రతుకు చోటు ప్రపంచమున గిర్, దాని చుట్టుపట్ల ప్రాంతము తప్ప వేరొకటి లేదు. నూరేండ్ల క్రిందట అవి అక్కడ కొలదిగా మాత్రమే మిగిలి యుండగా జునాగఢ్ నవాబులు వేటను నిషేధించి కాపాడిరి. 1965లో అది అభయారణ్యమయ్యెను. 1975లో అందు కొంత భాగము జాతీయ వనమయ్యెను. 2025 గణనలో సింహముల సంఖ్య 891కి చేరినది.

తాతగారు వేళావదర్ అనిరి. అది భావనగర్ దాపున, భాల్ ప్రాంతములో, చెట్టు కనబడుటయే అరుదైన గడ్డిమైదానము. విస్తీర్ణము సుమారు 34 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు భావనగర్ రాజులు పెంపుడు చీతాలతో కృష్ణజింకలను వేటాడిన నేల అది. 1976లో ఆ జింకల కొరకే జాతీయ వనమయ్యెను. మెలితిరిగిన కొమ్ముల ఇఱ్ఱులు, లేత గోధుమవన్నె లేళ్లు అచ్చట మందలు మందలుగా కానవచ్చును.

ఈ రెండు వనములును వానకాలమున, జూన్ నడుమ నుండి అక్టోబరు నడుమ వరకు, యాత్రికులకు మూయబడియుండును. అడవికి కూడ ఒక చాతుర్మాస్యము గలదన్నమాట.

"తీర్థయాత్రకు పోయి సింహము నోట నెత్తురు చూచి రావలెనా?" అన్నారు తాతగారు.

"మహావీరస్వామి లాంఛనము సింహమే కదా తాతా?" అన్నాడు మనుమడు.

"శాంతినాథస్వామి లాంఛనము జింక."

ఆ వాదము అక్కడ ఆగిపోయెను. లాంఛనములతో తగవు తీర్చబోవుట రాళ్లు లేని త్రాసుతో ధాన్యము తూచుట వంటిది.

తాతగారి అభ్యంతరములో ఒక పొరపాటు గలదు. వేళావదర్‌లో నెత్తురు లేదనుకొనుట సరికాదు. ఆ గడ్డిలో తోడేళ్లు కలవు. అవి జింకపిల్లలను పట్టి తినును. శీతకాలమున దూరదేశముల నుండి వచ్చు పిల్లిగద్దలు మిడుతలను తిని బ్రతుకును. సింహము దుప్పిని తినుటకును, గద్ద మిడుతను తినుటకును జీవహింస అను లెక్కలో భేదమేమి? ప్రాణి పెద్దదైన కొలది చూపరి గుండె ఎక్కువ కలవరపడును, అంతే. సమవసరణములో సింహము, జింక ప్రక్కప్రక్కన కూర్చుండునని చెప్పుదురు. ఆ దృశ్యము టిక్కెట్టు కొన్నచోట దొరకదు.

కనుక హింస లేని అడవిని వెదకుట వృథా. విచారింపవలసినది చూచువాని మనస్సు. చేయుట, చేయించుట, అనుమోదించుట అని శాస్త్రము మూడు విధములు చెప్పినది. సింహము తన ఆకలికి చంపినప్పుడు యాత్రికుడు చేసినదియు లేదు, చేయించినదియు లేదు. కాని "కన్నుల ఎదుట వేట జరిగిన బాగుండును" అని జీపులో కూర్చుండి కోరుకొనినయెడల మూడవది వాని ఖాతాలో పడును. వేళావదర్‌లో తోడేలు కొరకు అట్లే కోరుకొన్నను పడును.

ఆ కోరిక మనస్సులోనే ఆగిపోవునా అన్నది అసలు ప్రశ్న. గిర్ అడవిలో 1987 వరకు యాత్రికుల కొరకు సింహ ప్రదర్శనలు జరిగినవి. దున్నను ఎరగా పెట్టి సింహములను రప్పించి చూపెడివారు. వచ్చినవారు సింహమును చూడక వెనుదిరుగరాదని ఆ ఏర్పాటు. అది నిలిపివేసిన తరువాత, 1987-88 కరవు కూడ తోడై, సింహములు గ్రామముల మీదికి వచ్చి మనుష్యులపై పడుట హెచ్చినది. ఎరకు అలవాటుపడిన మృగము ఆ అలవాటును ఒక్కనాటితో విడుచునా? 2018లో సైతము కోడిని ఎరగా చూపి ఆడుసింహమును రప్పించిన ఉదంతము బయటపడి అరెస్టులు జరిగినవి.

ఆ దున్నను కట్టినవాడు ఎవడు? కూలివాడు. ఎవరి కొరకు కట్టెను? నేమినాథస్వామి కథ ఈ ప్రశ్న మీదనే నిలిచియున్నది. పెండ్లికి తరలిపోవుచు, దారిలో బంధింపబడిన పశువుల ఆక్రందనము విని, ఇవి ఎవరి కొరకని సారథిని అడిగెను. తన పెండ్లి విందు కొరకని తెలిసి రథమును మరలించి గిరినార్ చేరెను. కత్తి ఎవరి చేత నున్నదని ఆయన విచారింపలేదు. గిరాకి లేని సరకును ఎవడును అంగట పెట్టడని వర్తకునికి వేరే చెప్పనక్కర లేదు. గిరినార్‌కు, గిర్‌కు నడుమ దూరము రెండు గంటలకు మించదు. ఉదయమున నేమినాథునికి మ్రొక్కి సాయంకాలమున ఎర కొరకు డబ్బు చాచువాడు ఏ కొండ ఎక్కినట్లు?

ఈ మాటలన్నియు వినుచు వక్కలు కత్తిరించుచున్న అవ్వ మనుమని దగ్గరకు పిలిచి అడిగెను.

"అంత దూరం పోయినాక సింహం కనబడకపోతే ఏం చేస్తావురా?"

"ఏమీ చెయ్యనవ్వా. కానీ అంత డబ్బూ దండుగ కదా!"

"అదిగో, ఆ మాట దగ్గరే దున్నను కట్టేది."

ఆమె వేళావదర్ అనెను. తాతగారు తన మాట నెగ్గినదని సంతోషించిరి కాని, ఆమె కారణము వేరు. ఆ మైదానములో జింకలు ఎవరి ఎరయు లేకుండ కనబడును. పిల్లవాడు ఏమియు కనబడకున్నను తృప్తిగా తిరిగి రాగల వయస్సుకు వచ్చినప్పుడు గిర్‌కు పోవచ్చును. ఆ తృప్తి ఇప్పటికే గల కుటుంబము గిర్‌కు పోయినను తప్పేమియు లేదు.

ఒక చిక్కు మిగిలెను. పిల్లిగద్దలు వందలుగా గడ్డిలోనికి దిగునది సూర్యాస్తమయ వేళ. మరి ఆలోపల భోజనము ముగియవలెను. తాతగారు ఉదయమే పోయి వచ్చెదమనిరి. అవ్వ ఆ దినము ఏకాశనము పట్టి మధ్యాహ్నముననే భోజనము ముగించెను. చీకటి పడుచుండగా పక్షులు ఒక్కొక్కటిగా గడ్డిలోనికి దిగుచుండెను.

"అవి పగలంతా మిడతలను తిని వస్తున్నాయి కదవ్వా?" అని మనుమడు మెల్లగా అడిగెను.

"అవునురా," అని ఆమె చివరి పక్షి దిగువరకు చూచుచునే యుండెను.