చిటికెడు సాంబ్రాణి

గ్రీకులో ‘మార్టిస్’ అంటే సాక్షి, న్యాయస్థానంలో నిలబడి తాను చూసింది చెప్పే మనిషి. రెండో శతాబ్దంలో క్రైస్తవుల వాడుకలో ఆ మాటకు ప్రాణమిచ్చి సాక్ష్యం చెప్పినవాడు అనే అర్థం స్థిరపడింది. తెలుగు క్రైస్తవులు అనే ‘హతసాక్షి’లో చావూ సాక్ష్యమూ రెండూ పైకే కనిపిస్తాయి.

రోమన్ అధికారులు క్రైస్తవులను అడిగింది చూస్తే చాలా చిన్నది. నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి, చక్రవర్తి క్షేమం కోసం ఒక మొక్కు. మనసులో ఏముందన్న ఆరా వాళ్లకు పెద్దగా లేదు. క్రీ.శ. 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తి గవర్నర్ ప్లినీకి రాసిన జవాబు సారాంశమూ అదే: క్రైస్తవులను వెతికి పట్టుకోనక్కర్లేదు, ఆకాశరామన్న ఉత్తరాలు లెక్కలోకి రావు, దేవుళ్లకు మొక్కినవాణ్ణి వదిలేయాలి. పాలకుడి వైపు నుంచి చూస్తే ఇది ఉదారమే. చిక్కంతా అడిగింది చిన్నది కావడంలోనే ఉంది. ఇంత చిన్నదానికి కాదన్నవాడు ఇంట్లోవాళ్లకు కూడా మొండివాడిగానే కనిపిస్తాడు.

203లో ఆఫ్రికా తీరంలోని కార్తేజ్ నగరంలో జరిగింది అదే. క్రైస్తవురాలని చెరలో పెట్టిన విబియా పెర్పెతువాకు అప్పటికి 22 ఏళ్లు ఉంటాయి. మంచి కుటుంబం, చదువు, చంకలో పాలు తాగే కొడుకు. చెరలో ఆమె లాటిన్‌లో స్వయంగా రాసుకున్న మాటలు మిగిలాయి. వాటిలో సిద్ధాంత చర్చ దాదాపు లేదు. ఉన్నదల్లా చీకటి కొట్టు, ఉక్క, బిడ్డ ఆకలి, వచ్చిన కలలు, ముసలి తండ్రి. ఆ తండ్రి కాళ్ల మీద పడ్డాడు, చేతులు ముద్దాడాడు, కూతురా అనడం మాని యజమానురాలిని పిలిచినట్టు పిలిచాడు. విచారణ రోజున పసివాణ్ణి ఎత్తుకొచ్చి వీడి మీద జాలి చూపమన్నాడు. అధికారి హిలారియానుస్ కూడా ఆ మాటే అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ముసలాయన్ను బెత్తంతో కొడితే ఆ దెబ్బ తనకే తగిలినట్టయిందని మాత్రం రాసుకుంది. శిక్ష పడ్డాక తండ్రి బిడ్డను తిరిగి ఇవ్వలేదు. వాడు మళ్లీ పాలడగలేదనీ, తన రొమ్ములూ సలపలేదనీ ఆమె రాసిన వాక్యం దగ్గర ఆగని పాఠకుడు ఉండడేమో.

ఆమెతోపాటు చెరలో ఉన్న బానిస ఫెలిసితాకు ఎనిమిదో నెల. గర్భిణికి మరణశిక్ష అమలు చేయకూడదని రోమన్ చట్టం. చెరలోనే ప్రసవించింది కాబట్టి ఆ అడ్డు తొలగింది. మార్చి 7న జనం ముందు బరిలో పొగరుబోతు ఆవు కుమ్మి పడేశాక పెర్పెతువా పిన్ను అడిగి చెదిరిన జుట్టు ముడుచుకుందనీ, చివరికి కత్తి పట్టిన కుర్రవాడి చెయ్యి వణికితే దాన్ని తానే గొంతు మీదికి తెచ్చుకుందనీ వేరొకరు రాసి చేర్చారు. ఇంత ధైర్యం ఆ మతం నిజమని రుజువు చేయదు. ఏ నమ్మకం కోసమైనా చచ్చేవాళ్లుంటారు. నోటితో అనే మాటనూ తననూ వేరు చేసి చూడడం ఆమెకు చేతకాలేదన్నది మాత్రం తేలుతుంది.

చేతనైనవాళ్లే ఎక్కువమంది. 250లో డేసియస్ చక్రవర్తి సామ్రాజ్యంలో అందరూ బలి ఇచ్చి రుజువు పత్రం తీసుకోవాలన్నాడు. కార్తేజ్‌లో చాలామంది బలి ఇచ్చారు, కొందరు లంచమిచ్చి పత్రం మాత్రం కొనుక్కున్నారు. బిషప్ సిప్రియన్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. 251లో పత్రం కొన్నవాళ్లను విచారించి తిరిగి చేర్చుకోవడానికి అక్కడి సంఘం ఒప్పుకుంది, నిజంగా బలి ఇచ్చినవాళ్ల మీద మాత్రం గట్టిగా ఉంది. సిప్రియన్ కూడా 258 సెప్టెంబరు 14న తల నరికించుకున్నాడు. నరికేవాడికి 25 బంగారు నాణేలు ఇమ్మని ముందే చెప్పాడు.

అలాంటి పత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. నేను ఎప్పుడూ దేవుళ్లకు బలి ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట కూడా ఇచ్చాను, మాంసం రుచి చూశాను అని పపైరస్ మీద ఒకే పద్ధతి రాత. కింద, బలి ఇస్తుండగా చూశామని అధికారుల సంతకం. సాక్షులు ఇక్కడా ఉన్నారు. ఒక పత్రం మొసలి దేవుడి పూజారిణిది. మిగతావాటిలో ఏది క్రైస్తవులదో గుర్తుపట్టడానికి వాటి మీద ఆనవాలేమీ లేదు.