నలుసు లేనిదే చినుకు లేదు

వాన నీటిని మించిన శుభ్రమైన నీరు లేదని చిన్నప్పుడు పెద్దవాళ్లు చెప్పేవారు. తొలకరి జల్లులు రెండు పడి వెలిశాక, మూడో వానకి చూరు కింద బిందెలు పెట్టేవారు. ఆ నీళ్లతో పప్పు త్వరగా ఉడుకుతుందనేవారు. నిజమే, ఉడుకుతుంది. కానీ బిందెలో పడిన ప్రతి చినుకూ ఏదో ఒక ధూళి మీదే ప్రాణం పోసుకుందని తెలిసినప్పటి నుంచి, శుద్ధి అనే మాటను నేను అంత తేలిగ్గా వాడలేకపోతున్నాను.

స్కాట్లాండ్‌కు చెందిన జాన్ ఐట్కెన్ 1880లో ఈ సంగతి లోకానికి చూపించాడు. ఒక పాత్రలో మామూలు గాలి, ఇంకో పాత్రలో దూదిలోంచి వడగట్టిన గాలి ఉంచి, రెండింటిలోకీ నీటి ఆవిరి పంపాడు. మొదటి పాత్ర పొగమంచుతో నిండిపోయింది. రెండోది తేటగానే ఉంది. ఆవిరి రెండింటిలోనూ ఉంది, అది అతుక్కోవడానికి ధూళే రెండో దాంట్లో లేదు. దుమ్మన్నదే లేకపోతే మబ్బులూ మంచూ ఉండవని, గాలిలోని తేమంతా నేరుగా మన బట్టల మీద, గొడుగుల మీద, చెట్ల మీద చేరుతుందని ఆయన తేల్చాడు.

నీటి అణువులు తమంతట తాము ఒకచోట చేరి చుక్క కట్టవచ్చు కదా అనిపిస్తుంది. కట్టలేవు. పుట్టీపుట్టని చుక్క మరీ చిన్నది. దాని ఒంపు మరీ ఎక్కువ. ఒంపు ఎక్కువైన కొద్దీ పైపొరలోని అణువులు తేలిగ్గా జారుకుంటాయి, చుక్క పుట్టిన క్షణంలోనే ఆవిరైపోతుంది. ధూళి లేని గాలిలో విద్యుదావేశం ఉన్న అయాన్ల మీద చుక్కలు కట్టించడానికి కూడా శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్‌కు సంతృప్త స్థాయికి, అంటే నూరు శాతం తేమకి, నాలుగు రెట్ల తేమ కావలసి వచ్చింది. మన మబ్బుల్లో తేమ నూరు శాతం దాటడమంటే సాధారణంగా ఒక శాతం లోపే. అంత తక్కువలో చుక్క నిలబడుతోందంటే, అది నలుసు పుణ్యం. అలలు చిమ్మిన ఉప్పు, కట్టెల పొగ, గంధకపు కణాలు, ఇలా మిల్లీమీటరులో పదివేలో వంతు ఉన్న రేణువైనా చాలు, కాస్త కరిగి నీటిని పట్టి ఉంచుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త కోలర్ 1936లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రతి రేణువుకూ ఒక గడప ఉంటుంది. అది దాటనంతసేపు చుక్క మసకగా గాలిలో వేలాడుతుంది. దాటిందా, చుట్టూ తేమ ఉన్నంతకాలం దానంతటదే పెరుగుతుంది. ఏ పనికైనా మొదటి రోజులే గండమని మనకు అనుభవంలో ఉన్నదే. ఆ బలహీనత నీటికీ ఉందని తెలిశాక, మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన వాళ్ల మీద నాకు కోపం తగ్గింది.

అయితే నలుసొక్కటే చాలదు, గాలి పైకి లేవాలి. పైకి పోయే కొద్దీ ఒత్తిడి తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. మబ్బు కట్టే దాకా కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీలు. ఇంట్లోనే చూడవచ్చు. ప్లాస్టిక్ సీసాలో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదలండి. దాదాపు ఏమీ కనిపించదు. మూత తీసి, సీసాను కొంచెం నొక్కి, అగరువత్తి పొగ దగ్గర వదిలితే పొగ లోపలికి పోతుంది. మూత బిగించి మళ్లీ నొక్కి వదలండి. లోపలంతా తెల్లగా మబ్బు కడుతుంది. మళ్లీ నొక్కితే మాయమవుతుంది. మేఘసందేశంలో కాళిదాసు మబ్బు దినుసుల్లో పొగను కూడా లెక్కపెట్టాడు. హోమధూమాన్నో వంటపొగనో చూసి అని ఉంటాడు, కానీ ఆ లెక్క తప్పలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది గాలి లేచే వేగం. మెల్లగా లేస్తే తేమ నూరు శాతాన్ని ఏ కొంచెమో దాటుతుంది. అప్పుడు పెద్ద రేణువులే గడప దాటి, ఉన్న నీటినంతా తామే తీసుకుంటాయి. చిన్నవి మసకలోనే మిగిలిపోతాయి. జోరుగా లేస్తే, పెద్దవి తాగేలోపే తేమ ఇంకా పెరిగిపోతుంది, చిన్న రేణువులకూ వంతు వస్తుంది. ఇదంతా మబ్బు అడుగున కొన్ని పదుల మీటర్లలోనే జరిగిపోతుంది. ఎన్ని చుక్కలన్నది చాలావరకు అక్కడే ఖాయమవుతుంది. ఆ చిన్న రేణువు చేతకానిదేమీ కాదు, దాన్ని మోసిన గాలికి జోరు చాలలేదంతే. ఊళ్లలో, బడుల్లో వెనకబడిపోయారని మనం పేరుపెట్టిన పిల్లల గురించి ఇంతకంటే న్యాయమైన మాట నాకు తట్టదు.

మరి నలుసులు ఎంత ఎక్కువైతే అంత మంచిదా? అదీ కాదు. నూరుమందికి వండిన అన్నం వెయ్యిమందికి వడ్డిస్తే ఎవరి కడుపూ నిండదు. రేణువులు ఎక్కువైతే చుక్కలు ఎక్కువవుతాయి, ఒక్కొక్కటీ చిన్నదైపోతుంది. ఒక వాన చినుకు తయారవడానికి సుమారు పది లక్షల మబ్బు చుక్కలు కలవాలి. మరీ చిన్న చుక్కలు ఒకదానికొకటి తగలవు, పక్కనుంచి తప్పుకుపోతాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 2009లో మొదలుపెట్టిన పరిశోధనలో హైదరాబాదు నుంచి కూడా విమానాలు ఎగిరి మబ్బుల్లోకి వెళ్లి కొలిచాయి. రేణువులు పెరిగిన కొద్దీ, చినుకు మొదలవడానికి మబ్బు ఇంకా లోతుగా ఎదగవలసి వస్తోందని ఆ కొలతల్లో తేలింది. ఉరుములతో నిలువెత్తు లేచే మేఘాల్లో లెక్క ఇంత సూటిగా ఉండదు. పొట్టి మబ్బుల్లో మాత్రం పొగ ఎక్కువైతే చినుకు ఆలస్యమే.

2003 తర్వాత కొన్నేళ్లు మన ప్రభుత్వం అనంతపురం లాంటి కరవు జిల్లాల మీద మేఘమథనం చేయించింది, అంటే వాన కోసం మబ్బుల్లో రేణువులు చల్లించింది. అప్పుడు ఊళ్లలో ఎంత ఆశ రేగిందో గుర్తున్నవాళ్లు చాలామంది ఉంటారు. తేమ ఉన్న మబ్బు ఉండి, కింద నుంచి గాలి లేస్తుంటేనే పైనుంచి చల్లినదానికి పని. లేని మబ్బును అది పుట్టించలేదు. మబ్బుకి ఏ నలుసు అందించాలా అని అంత ఖర్చుపెట్టి ఆలోచించిన మనం, అడగకుండానే రోజూ దానికి అందిస్తున్న నలుసుల గురించి ఆలోచించడం లేదు. వరి కోత యంత్రం వెళ్లిన మర్నాడు కొయ్యకాళ్లకు పెట్టే నిప్పు, ఊరి చివర చెత్తకుప్పల పొగ, లారీల మసి ఇవన్నీ వాన కడిగేదాకా సుమారు వారం పాటు గాలిలో తిరుగుతాయి. ఫలానా నిప్పు వల్ల ఫలానా వాన ఆగిందని ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ ఆ పొగ మబ్బు అడుగుకి చేరితే నీటిని పంచుకునేవాళ్లలో తానూ ఒకటవుతుంది. అందుకే రైతు సోదరులను అడుగుతున్నాను: కొయ్యకాళ్లు తగలబెట్టకండి, తడి ఉండగానే కలియదున్నండి. దున్నడానికి అయ్యే ఖర్చు రైతు ఒక్కడి మీదే పడకుండా చూడవలసింది ప్రభుత్వం.