శిశువునకు పేరిడుట: భక్తియా, వంశాభిమానమా?

గత కార్తికమాసమున మా ఇంట మనుమడు పుట్టినాడు. పురుడు వెళ్ళిన పిదప మఠమునుండి జంగమస్వామి విచ్చేసి, విభూతి పెట్టి, శిశువునకు లింగధారణ గావించిరి. అంతవరకు ఏ చిక్కును లేదు. చిక్కు పేరుతో వచ్చినది.

నా తండ్రిగారి పేరు బసవలింగము. ఆయన లింగైక్యము చెందిననాటినుండి ఆ పేరు ఇంట మరల వినిపింపవలెనని నా కోరిక. కుమారుడు మారుమాటాడక తలయూపినాడు. కోడలు మాత్రము వినయముగానే, "మామయ్యగారూ, ఈ పేరు బసవన్న కోసం పెడుతున్నామా, తాతగారి కోసం పెడుతున్నామా?" అని అడిగినది. రెండును ఒకటే గదమ్మా అంటిని. అన్నానే గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పంచాంగపు మాట ముందుగా తేల్చెదను. బంధువొకరు సిద్ధాంతిగారి నడిగి వచ్చి, బిడ్డది అశ్విని నాలుగవ పాదము గావున "లా"తో మొదలగు పేరే ఉండవలెననిరి. 27 నక్షత్రములు, ఒక్కొక్కదానికి నాలుగు పాదములు, పాదమున కొక అక్షరము, వెరసి 108. ఇష్టలింగము నెదపై ధరించినవాడు అక్షరమునకు భయపడుట యెందుకో నాకు తెలియదు. తిథివార నక్షత్రముల భయమును బసవేశ్వరుడు 12వ శతాబ్దముననే త్రోసిపుచ్చినాడు. ఇంతకంటె వ్రాయ నక్కరలేదు.

కోడలి ప్రశ్న అట్టిది కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము మన ఇండ్లలో చదువని తరము లేదు. మాదాంబ నందికేశ్వరుని గూర్చి నోము నోచి కన్న బిడ్డ గనుక బసవడని పేరు. వృషభ శబ్దమునకది తద్భవము. అనగా ఆ పేరు తల్లి భక్తినుండి వచ్చినది. పెరిగిన పిదప ఆ బాలుడు ఉపనయనమును నిరాకరించి తండ్రి యింటిని విడిచినాడు. జందెము వలదన్నవాడు పేరును మాత్రము వలదనలేదు. తల్లి యిచ్చిన దానిలో భక్తిని ఉంచుకొని, కులమును వదలినాడని నేను గ్రహించితిని. అట్లయిన నేను మనుమనికి ఇయ్యబోవుచున్నది ఆ రెండింటిలో ఏది?

మా వంశవృక్షమును తీసి చూచితిని. బసవయ్యలు, వీరభద్రయ్యలు, మల్లికార్జునులు, గురులింగములు ఎందరో ఉన్నారు. హరళయ్య ఒక్కడును లేడు. డోహర కక్కయ్య లేడు. మాదర చెన్నయ్య లేడు. హరళయ్య చెప్పులు కుట్టిన శరణుడు. ఆయన కుమారునికి, బ్రాహ్మణ కులమున పుట్టి శరణుడైన మధువరసు కుమార్తె నిచ్చి కల్యాణమున పెండ్లి చేసిరి. అందులకు బిజ్జలుని యాజ్ఞచే తండ్రు లిరువురును ప్రాణములు గోలుపోయిరని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కథను పురాణకాలక్షేపములో కన్నీళ్ళతో విందుము. బిడ్డకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు అది మనకు గుర్తునకు రాదు. మరచిపోవుటచేత రాలేదని నాకు నేను చెప్పుకొన జూచితిని గాని, మనస్సు ఒప్పుకొనలేదు.

పూర్వులను స్మరించుట తప్పని నేననను. అక్షరము రాని మా నాయనమ్మకు శరణులు తెలిసినది పేర్లవలననే. మనుమని కేకవేసిన ప్రతిసారియు ఆమె బసవన్నను తలచినట్లే. (కొడుకును పిలిచి తరించిన అజామిళుని కథ మనది కాదు, పిలుపు దానంతట అదే తరింపజేయునని మన గురువులు చెప్పలేదు.) బిడ్డ శివభక్తుడగుటకు గురువు కట్టిన లింగము చాలును. కనుక పేరు విషయమున మనకు స్వేచ్ఛ కలదు. ఆ స్వేచ్ఛను తరతరములుగా నా బోటివారము ఒకే దిక్కునకు వాడితిమి.

మరునాడు కోడలిని పిలిచి ఇదంతయు చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండి, చెన్నయ్య ఎవరని అడిగినది. అంబలి నైవేద్యము పెట్టిన మాదర చెన్నయ్యను, ఆ యంబలికి ఆశపడి శివుడు ఆనాడు చోళరాజు పళ్ళెమును ముట్టని వృత్తాంతమును, పుట్టుకను లెక్కింపక అట్టి భక్తులనే బసవన్న తన తల్లిదండ్రులుగా చెప్పుకొనుటను వివరించితిని. "అయితే చెన్నయ్య అనే పిలుద్దాం. పలకడానికి కూడా బాగుంది" అన్నది. బడిలో తోటిపిల్లలు పాతపేరని నవ్వుదురేమో యని కుమారుడు సందేహించినాడు. నవ్వితే ఎవరి పేరో వాడే చెప్పుకొంటాడని ఆమె సమాధానము.

నామకరణము నాడు మా అన్నగారు ఆ పేరు విని, తాంబూలము తీసుకొనకయే వెళ్ళిపోయిరి. తండ్రిగారి పేరును కాదన్నానని కొంత, పెట్టిన పేరు ఎవరిదో తెలిసి కొంత. ఇప్పుడు మరల రాకపోకలు సాగుచున్నవి. బిడ్డ నెత్తుకొందురు, ముద్దాడుదురు. పేరు పెట్టి మాత్రము ఇంతవరకు పిలువలేదు, "బాబూ" అనుచున్నారు.