మాట తప్పినవాడి మాట

పెరోల్ అన్న పదానికి ఫ్రెంచిలో అర్థం ‘మాట’. వెనకటికి యుద్ధఖైదీలు ‘మళ్ళీ ఆయుధం పట్టం’ అని మాటిస్తే వదిలిపెట్టేవారు. మన దగ్గర పెరోలంటే ఇంట్లో పెళ్ళికో చావుకో ఖైదీని నాలుగు రోజులు పంపడమే. అమెరికాలో మాత్రం చాలాచోట్ల, మిగిలిన శిక్షాకాలాన్ని షరతులకు లోబడి బయటే గడపనిచ్చేవారు. షరతు తప్పితే మళ్ళీ లోపలికి. మాట తప్పినవాణ్ణి లోపలెయ్యక ఏం చేస్తారు, అనిపిస్తుంది కదూ!

అయోవా రాష్ట్రంలో మోరిసీ అనే ఆసామికి దొంగ చెక్కులిచ్చినందుకు 1967లో ఏడేళ్ళకు మించని జైలుశిక్ష పడింది. 1968 జూన్‌లో పెరోల్ మీద బయటికొచ్చాడు. ఏడు నెలల తర్వాత మళ్ళీ పట్టుకున్నారు. మారుపేరుతో కారు కొన్నాడట, అప్పు తీసుకున్నాడట. చిన్న యాక్సిడెంటయితే పోలీసులకి తప్పుడు అడ్రసు చెప్పాడట. తన మకాం ఎక్కడో పెరోల్ అధికారికి తెలియజెయ్యలేదట. ఒంట్లో బాగాలేదని అతనంటే, ఆ సంజాయిషీ చాలదని అధికారి రాసేశాడు. వారం తిరిగేసరికి ఆ కాగితం చూసి బోర్డు పెరోల్ రద్దు చేసింది. ఇంటికి వంద మైళ్ళ దూరంలోని జైలుకు పంపేశారు. విచారణ మాత్రం జరగలేదు.

అతను కోర్టుకెక్కాడు. కింది కోర్టుల్లో ఓడిపోయాడు. పెరోలంటే జైలు బయట అనుభవించే శిక్షేగాని స్వేచ్ఛ కాదన్నారు.

దయతలచి ఇచ్చిందేగా, ఇష్టమైనప్పుడు తీసుకుంటారు! ఈ వాదన మన ఇళ్ళకి కొత్తదేం కాదు. కోడలు ఉద్యోగం చేస్తానంటే ‘సరే, పంపుతున్నాం’ అంటారు. ఆ ‘పంపుతున్నాం’లోనే ఉంది మెలిక. రెండేళ్ళు గడుస్తాయి. ఆ పిల్లకి నలుగురు స్నేహితులు, ఒక చీటీ, నెల మొదట్లో చేతిలో నాలుగు డబ్బులు అమరుతాయి. ఎవరో ఏదో చెబుతారు. ‘రేపట్నుంచి మానెయ్!’ నిజమా అని ఆ పిల్లని అడగనైనా అడగరు. ఇచ్చినవాళ్ళకది దయే. ఆమెకు మాత్రం ఆపాటికి అది బ్రతుకైపోయింది.

1972 జూన్ 29న సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే పట్టుకుంది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ నేరస్థుల మీద జాలిపడే మనిషిగా పేరున్నవాడు కాదు. అయినా, బయటికొచ్చినవాడు ఉద్యోగం చూసుకుంటాడు, తనవాళ్ళతో కలిసుంటాడు, దాన్ని హక్కన్నా దయన్నా పోగొట్టుకుంటే కష్టం ఒక్కటే అన్నాడు. షరతులు పాటిస్తే కదిలించమని ప్రభుత్వమూ చెప్పకనే చెప్పిందిగా! మాట ఒకవైపునుంచే ఇచ్చింది కాదన్నమాట.

కాబట్టి, పట్టుకున్న చోటికి దగ్గర్లోనే వెంటనే ఒకసారి విచారించాలి. ఆరోపించిన అధికారే తీర్పరి కాకూడదు. తర్వాత పూర్తి విచారణ జరగాలి. దానికి రెండు నెలలు పట్టినా ఫరవాలేదు. ఆరోపణలు కాగితం మీద పెట్టాలి. గట్టి కారణముంటే తప్ప సాక్షుల్ని ఎదురుగా ప్రశ్నించనివ్వాలి. రద్దు చేస్తే ఎందుకు చేశారో రాసివ్వాలి.

ఇంతా చేసి మోరిసీ నిర్దోషి అని ఆ తీర్పులో ఎక్కడా లేదు. బోర్డు ముందు తప్పులు ఒప్పుకున్నట్టు తేలితే, అవి రద్దుకు చాలినవైతే, కథ అక్కడితో సరి అని కేసు వెనక్కి పంపారు. గెలిచినా ఇల్లు చేరతాడన్న భరోసా లేదు. ‘మరి ఒరిగిందేమిటి?’ అంటారేమో. ఒంట్లో బాగాలేదన్న ఆ ఒక్క ముక్కనీ రిపోర్టు రాసిన అధికారి కాక ఇంకొకరు కూర్చుని వినాలి. అతను అడిగింది అదే.