తండ్రి విడిచిన ఆసనము

శ్రీవైష్ణవ గృహములలో నిత్యము జరుగు తిరువారాధనము ఆసనముల వరుసను బట్టి నడచును. ముందు మంత్రాసనము, పిదప స్నానాసనము, అలంకారాసనము, భోజ్యాసనము, పునర్మంత్రాసనము, కడపట పర్యంకాసనము. అరచేతిలో ఇముడు సాలగ్రామమూర్తికైనను ఈ ఆరింటిని భావనతో సమర్పింతురు. స్వామికి పీట వేయుట, పాన్పు పరచుట అల్పకార్యములని పూర్వులు తలంపలేదు. తిరుమలలో రాత్రివేళ ఏకాంతసేవయందు భోగశ్రీనివాసమూర్తిని మంచముపై శయనింపజేయుదురు. ధనుర్మాసమున ఆ శయ్య శ్రీకృష్ణస్వామిదగును.

ఆసనమనగానే వైష్ణవునకు ఆదిశేషుడు స్మరణకు రావలెను. స్వామికి ఇల్లు కావలసినచో ఇల్లుగా, పాన్పు కావలసినచో పాన్పుగా, పీటగా, పాదుకగా, గొడుగుగా ఆయన మారుచుండును. అందువలననే ఆయనకు శేషుడను పేరు తగియున్నదని యామునాచార్యులు స్తోత్రరత్నమున స్తుతించిరి. ఇతరునకు అతిశయమును కలిగించుటయే తన స్వరూపముగా గలది శేషమని వేదార్థసంగ్రహమున భగవద్రామానుజుల నిర్వచనము. ఈ లక్షణమును బట్టి చూచినచో ఇంటిలోని కుర్చీయు శేషవస్తువే. కూర్చుండువాడున్నంతవరకే అది కుర్చీ. లేనిచో అది పేర్చిన కొయ్య మాత్రమే.

శాస్త్రమునకు, ఇంటి సామానుకు సంబంధమేమని కొందరనవచ్చును. సంబంధమున్నది. ఇటీవల పెక్కు గృహములలో ఒక చిక్కు తలయెత్తుచున్నది. 1950, 1960 దశకములలో ఉద్యోగములందు కుదురుకొన్న తరమువారు తాతలనాటి పందిరిమంచములను, చిలుకలు చెక్కిన భోషాణములను పక్కనబెట్టి, ఆనాటి కొత్త తీరు సామానును చేయించుకొనిరి. చెక్కడపు పని లేదు. కాళ్లు సన్నగిల్లుచు వాలుగా దిగును. టేకు చట్రమునకు పేము అల్లిక. కూర్చున్నవాని వీపునకు గాలి తగులును, తుడుచుట సులభము. ఆ తరమువారు ఇప్పుడొక్కరొక్కరుగా పరమపదించుచున్నారు. వారి సంతానము నగరములందలి చిన్న వాటాలలోను, పరదేశములలోను నివసించుచున్నది. పాత ఇల్లు అమ్మకమునకు వచ్చును. సామానును ఏమి చేయవలెనను ప్రశ్న పదవనాటికే పుట్టును.

అట్టి యొక గృహమును ఊహింతురు గాక. తండ్రి దివంగతుడైనాడు, తల్లి జీవించియున్నది. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఇంటిలో ఆరు పేము కుర్చీలు, ఒక గుండ్రని బల్ల, వెడల్పు చేతులుగల పడకకుర్చీ యొకటి, టేకు మంచమొకటి గలవు. పాతసామాను వర్తకుని పిలిచి అన్నింటిని ఒక్క ధరకు తోలివేయుదమని పెద్దవాని మతము. ఇట్టివి విదేశములలో లక్షలకు పోవుచున్నవని చిన్నవాడు వినియున్నాడు. ఆ మాట చెవినబడిన వెనుక పెద్దవాడును వర్తకుని మాటెత్తడు. కొలతలు తీయుదురు, అడుగుభాగమును తిరుగవేసి ముద్రలకై వెదకుదురు. తల్లి ఆ పడకకుర్చీలోనే కూర్చుండి సాయంకాలము సహస్రనామము పఠించుకొనును. ఫోటో తీయవలెను, కొంచెము లేవుమని ఆమెతో అందురు. ఆమె లేచి గోడనానుకొని నిలుచును. అపరక్రియలలో శయ్యాదానమునకు మంచము కావలసివచ్చినప్పుడు మాత్రము, తండ్రి పరుండిన టేకు మంచము ఇంటిలోనుండగా, బజారునుండి అన్నింటికంటె చౌకదైన రేకు మంచమును తెప్పింతురు.

ఈ ధరల ప్రస్తావన యెక్కడ నుండి వచ్చెనో తెలిసికొనుట మేలు. 1947 దేశవిభజనలో లాహోరు పాకిస్తానునకు పోగా పంజాబునకు రాజధాని లేకపోయెను. నూతన రాజధానిగా చండీగఢ్ నిర్మాణమును లె కార్బూజియే అను వాస్తుశిల్పికి అప్పగించిరి. ఆయనకు సోదరవరుస బంధువైన పియెర్ జానరే 1965 వరకు అక్కడనే ఉండి పనిచేసెను. ఆయన 1967లో మరణింపగా, అస్థికలను తరువాత ఆ నగరమందలి సుఖ్నా సరస్సులో కలిపిరి. కార్యాలయములకు, కళాశాలలకు, గ్రంథాలయములకు, ఉద్యోగుల ఇండ్లకు కావలసిన కుర్చీలు, బల్లలు వీరి నమూనాలను బట్టి స్థానిక వడ్రంగులచేత వేలసంఖ్యలో తయారైనవి. టేకు, పేము. ధర తక్కువ, మన్నిక ఎక్కువ. దశాబ్దములు గడచిన పిమ్మట పేము తెగినవానిని మేడలపైనను, పెరళ్లలోను కుప్పవేసిరి. వానికి మారుగా ఇనుప, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చినవి. తుక్కుసామానుగా వేలమునందు పోయినవానిని విదేశవర్తకులు కొని, బాగుచేసి, ప్యారిస్, లండన్, న్యూయార్క్ వేలములందు అమ్మగా ఒక్కొక్కటి లక్షల రూపాయలు పలికినది. 2011లో కేంద్ర హోం శాఖ ఇట్టి వారసత్వ సామగ్రి అమ్మకమును నిషేధించవలసి వచ్చెను.

ఒక్క విషయము గమనింపదగినది. మేడపై ఎండకు ఎండినప్పుడును ఆ కుర్చీ అదియే, ప్యారిస్ నగరమున దీపకాంతిలో నిలిచినప్పుడును అదియే. ధర పెరిగినది, కొయ్య పెరుగలేదు. మరియొకటి. చండీగఢ్ కుర్చీలపై ఆయా కార్యాలయముల అక్షరములు, అంకెలు రంగుతో వ్రాయబడియుండును. ఊరి వడ్రంగి చేసిన కుర్చీ చూపునకు అట్లేయున్నను అట్టి ధర పలుకదు. పైన ఊహించిన ఇంటిలోని చిన్నవాడు ఎంత తిరుగవేసి చూచినను ఆ అక్షరములు కానరావు. కానరాని క్షణముననే తండ్రి కుర్చీ మరల పాతసామానగును. లక్షలు పలుకునన్నప్పుడు అది పితృస్మృతి, పలుకదన్నప్పుడు భారము. లోకమున ఇంతకంటె చంచలమైన పితృభక్తి యుండబోదు.

కఠోపనిషత్తున వాజశ్రవసుడు సర్వస్వమును దానము చేయు యాగము చేయుచు, పాలు వట్టిపోయి, గడ్డి కొరుకుటకైనను శక్తిలేని ముసలి గోవులను దక్షిణగా నిచ్చుచుండెను. లెక్కకు గోవులే, సంఖ్య సరిపోయినది. బాలుడైన నచికేతునిలో అప్పుడు శ్రద్ధ ప్రవేశించెనని శ్రుతి చెప్పుచున్నది. తండ్రీ, నన్నెవరికిత్తువని అతడు అడిగినది ఈ సందర్భముననే. రేకు మంచము విషయమున ఈ ఆఖ్యానమును స్మరింపవలెను. పోయినవాని పేర ఇచ్చు శయ్య వట్టి ఆచారపూర్తికే యైనచో, అది వాజశ్రవసుని గోవు. ఒక కాలు విరిగిన కుర్చీని, తలుపు ఊడిన బీరువాను దేవాలయ కల్యాణమండపములోనో, మఠపు వసారాలోనో విడిచి, స్వామికి సమర్పించితిమని చెప్పుకొనువారును ఈ కోవలోనివారే. ఇంటిలో చోటు లేనిది స్వామి సన్నిధిలో చోటునకు అర్హమెట్లగును? అర్చకులు మొగమాటమున కాదనలేరు. చెదలు మాత్రము మొగమాటపడవు.

మరి యేమి చేయవలెను? ఇందుకు శ్రీమద్రామాయణమున భరతుని నడవడియే ప్రమాణము. తండ్రి విడిచిన ఆసనమును గురించి భరతునకు వచ్చినంత చిక్కు లోకమున మరెవ్వరికిని వచ్చియుండదు. సింహాసనము ఖాళీగానున్నది. తల్లి కూర్చుండుమన్నది, మంత్రులు సమ్మతించిరి. అతడు కూర్చుండలేదు. కాదని విడిచిపోనూలేదు. చిత్రకూటమునకు పోయి, స్వామి పాదుకలను శిరసున ధరించి తెచ్చి, అన్న తనయొద్ద న్యాసముగా ఉంచిన రాజ్యమిదియని ప్రకటించి, నందిగ్రామమున పాదుకలకు పట్టాభిషేకము చేసి, ప్రతి కార్యమును వానికి నివేదించుచు పదునాలుగేండ్లు పాలించెను. శ్రీ వేదాంతదేశికులు 1008 శ్లోకములతో పాదుకాసహస్రమును రచించుట ఈ ఘట్టముయొక్క మహిమను చాటుచున్నది. న్యాసమనగా ఇల్లడ, అనగా పరుల సొత్తును కాపాడుట. తన సొత్తు కాదు గనుక అనుభవింపరాదు, చేతికి వచ్చినది గనుక పాడుచేయరాదు. స్వామి తిరిగివచ్చినప్పుడు భరతుడు పాదుకలను తన చేతులతో ఆయన పాదములకు తొడిగి, బొక్కసమును, ధాన్యపు గాదెలను, సైన్యమును పదింతలు చేసి యప్పగించుచున్నానని విన్నవించెను. దాచినది దాచినట్లే యిచ్చుట సామాన్యుని ధర్మము. పెంపొందించి యిచ్చుట భరతుని ధర్మము.

ఈ దృష్టితో పై గృహమును మరల చూచినచో ప్రశ్నయే మారును. ఇది ఎంత చేయునని కాక, ఇది ఎవరికి శేషమని అడుగవలెను. పడకకుర్చీ విషయమున సమాధానము వెదకనక్కరలేదు. తల్లి అందు కూర్చుండుచున్నది. లౌకికముగా చూచినను, 1956 నాటి హిందూ వారసత్వ చట్టమును బట్టి, వీలునామా లేక గతించిన పురుషుని స్వార్జితమున అతని భార్యకు కుమారులతోను కుమార్తెలతోను సమమైన భాగము కలదు. ఫోటో తీయుటకై లేవుమన్నవారు భాగస్వామిని ఆమె సొంత ఆసనమునుండి లేపినవారైరి. ఆరు కుర్చీలను మూడేసిగానో, రెండేసిగానో పంచుకొనుటలో దోషమేమియు లేదు. అయితే పంచుకొన్నవారు కూర్చుండవలెను. గోదామున అద్దె కట్టి దాచుట న్యాసము కాదు, మోహము. తండ్రి కుర్చీకి తాడు కట్టి, ఎవరిని కూర్చుండనీయక, చిత్రపటము నుంచి పూలమాల వేయువారి భావము దోషయుక్తము కాదుగాని, పితృదేవతలకు శ్రాద్ధమున ప్రీతి, కుర్చీయందు కాదు. భరతుడు సింహాసనమున పాదుకల నుంచెను, వానిముందు రాజ్యకార్యము నడచినది. నడవనిచో అదియు ధూళి పట్టియుండెడిది.

అమ్ముట పాపమా యని కొందరు సందేహింతురు. కాదు. ఇంట వినియోగించువారు లేనప్పుడు, వినియోగించువానికి న్యాయమైన ధరకు ఇచ్చుట వస్తువునకును మేలే. వచ్చిన ధనమును అందరకు తెలియజెప్పి పంచుకొనవలెను. అమ్మినదొకటి, చెప్పినదొకటిగా నడచినచో, తండ్రి ఆస్తికంటె ముందుగా తండ్రి సంతానము విభాగమగును. కూరత్తాళ్వారులు సిరిసంపదలనెల్ల విడిచి శ్రీరంగమునకు నడచుచుండగా అడవిలో ధర్మపత్ని భయపడినదట. భయమునకు కారణమేమని విచారింపగా, భర్త భుజించుటకై బంగారు గిన్నె యొకటి వెంట తెచ్చియుండెను. ఆళ్వారులు దానిని తీసి అవతల పారవేసి, ఇక భయము లేదు, నడువుమనిరి. గిన్నెను పారవేయుట అందరకు సాధ్యము కాదు. తన భయము ఏ వస్తువునందు దాగియున్నదో గుర్తించుట మాత్రము అందరకు సాధ్యమే.

ఇందు ఒక చిత్రమైన సంగతి కలదు. ఆ కాలపు కుర్చీల రూపకల్పనలో లోకప్రసిద్ధులైన అమెరికను దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ భారత ప్రభుత్వపు కోరికపై ఈ దేశమున పర్యటించి 1958లో ఒక నివేదిక నిచ్చిరి. అహమ్మదాబాదున 1961లో ఏర్పడిన జాతీయ రూపకల్పన సంస్థకు అదియే మూలము. తాము చూచిన వస్తువులన్నింటిలోను వారు మిక్కిలిగా మెచ్చుకొన్నది మన చెంబును. తలపై నిలుచుటకు, చంకన ఇముడుటకు, నీరు వంచుటకు, తోముటకు అనువుగా తరతరముల వాడుకలో దానికా రూపము కుదిరినదని వారి యభిప్రాయము. శేషత్వమను మాటను వారు వినియుండరు. వారు మెచ్చినది మాత్రము దానినే.

ఇక శయ్యాదానపు మంచము. అపరక్రియ ముగియకముందే బజారు మంచమును వెనుకకు పంపి, తండ్రి పరుండిన టేకు మంచమునే ఈయవలెను. టేకునందు స్వభావసిద్ధముగా నూనె యుండుటచే సామాన్యముగా చెదలంటదు. ఎన్ని ఏండ్లు గడచినను బిగింపులు సరిచేసినచో గట్టిగానే నిలుచును. పేము అల్లిక తెగినచో అల్లువానిని పిలిపించి కొత్తగా అల్లింపవలెను. ఆ పని నేర్చినవారు ప్రతి పట్టణమునను తగ్గిపోవుచున్నారు గనుక కూలి విషయమున బేరమాడకుండుట మంచిది. పరుపు, తలగడ, దుప్పటి, దీపము, జలపాత్ర, గొడుగు, పాదరక్షలు మంచముతో చేరవలెను. ప్రతిగ్రహీత ఇల్లు ఇరుకైనదేమో, మంచము ఆ గుమ్మమున పట్టునో పట్టదో ముందుగా కనుగొని, బండి కూలి దాతయే ఇచ్చుకొని, ఆ రాత్రి ఆయన దానిపై పరుండునట్లు చీకటిపడకముందే చేర్పింపవలెను.