నవ్వు ఎవరి మీద?

బొమ్మలు కదిలితే చాలు, అది పిల్లలదే అనుకుంటాం. రిమోట్ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్తాం. పెద్దల కోసం తీసిన కార్టూన్లూ ఉన్నాయి.

1989లో అమెరికాలో మొదలైన ‘ది సింప్సన్స్’ అలాంటిదే. అందులో అపు అనే భారతీయ దుకాణదారు ఉన్నాడు. గొంతునిచ్చింది తెల్లజాతి నటుడు హ్యాంక్ అజారియా. సాగదీసిన మన యాసే అక్కడ హాస్యం. ఆ ధారావాహిక అమెరికా సమాజాన్నే వెక్కిరిస్తుందని పెద్దలకు తెలుసు; బడిపిల్లలకు చిక్కింది యాస ఒక్కటే. న్యూయార్క్‌లో పెరిగిన తెలుగు మూలాల హాస్యకారుడు హరి కొండబోలు ఆ బాధను 2017లో డాక్యుమెంటరీగా చెప్పారు. అపుకు ఇక గొంతివ్వనని అజారియా ప్రకటించింది 2020లో. అప్పటికి ముప్పై ఏళ్లు!

కులం పేరుతో తిట్టి, ‘ఊరికే నవ్వులాటకి’ అంటే విన్నవాళ్లం. ఇది మనకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

2021 ఐటీ నిబంధనలు ఓటీటీ కార్యక్రమాలకు 7+, 13+, 16+, పెద్దలకు మాత్రమే అని గుర్తులు పెట్టమన్నాయి. భాష, హింసతో పాటు వివక్షనూ చూడమన్నాయి. న్యాయశాస్త్రం చదివినవాళ్లం, వాటిని తీసిపారేయం. అయినా ఆ గుర్తు పిల్లవాడి పక్కన కూర్చుని ‘ఎందుకు నవ్వావు?’ అని అడగదు.

నవ్వులాటకైనా అబద్ధమాడవద్దని రాహులుడికి చెప్పిన బుద్ధుడు, ఏ పనైనా చేసే ముందు, చేస్తుండగా, చేశాక అది ఎవరిని నొప్పిస్తుందో చూసుకోమన్నాడు. వెక్కిరింపు వెనకున్న వ్యంగ్యం ఏడెనిమిదేళ్లవారికి అందదు. వారికి వద్దనే అంటాం. పదమూడు దాటినవారికైతే, ముందు మనమే ఒక భాగం పూర్తిగా చూసి, తర్వాత వారితో కలిసి చూద్దాం. వారు నవ్విన చోట ఆపి అడుగుదాం.