సభ లేని భవనం

2014 నవంబరు 29న, వానల మధ్య, పుదుచ్చేరి బీచ్ రోడ్డులోని మేరీ భవనం కుప్పకూలింది. ఫ్రెంచివాళ్లు 1870-71లో కట్టిన పురపాలక సంఘ భవనమది. 2011 డిసెంబరు 30 నాటి థానే తుపానుకు కూడా పడని కట్టడం మూడేళ్లు తిరక్కుండానే వానకు ఎందుకు కూలింది? ఈ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

ఆ కాలపు పుదుచ్చేరి మిద్దెల్ని దగ్గరగా చూసినవాళ్లకు జవాబు తట్టకపోదు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, పైన డంగుసున్నం పోసి, రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరిచేవారు. అప్పుడప్పుడూ పగుళ్లు పూడ్చి సున్నం వేస్తుంటే అది తరాలపాటు నిలుస్తుంది. వదిలేస్తే పగుల్లో రావి మొక్క మొలుస్తుంది, దాని వేరు వెంట నీళ్లు దిగుతాయి, గోడలోకి దిగిన దూలం కొస పుచ్చిపోతుంది. ఆ కొస బయటికి కనబడదు. గోడ మాత్రం నిటారుగానే ఉంటుంది. అందుకే ఆ భవనం ఒక్క రోజులో కూలిందని నేననుకోను. మరమ్మతు తర్వాత చూద్దాంలే అనుకున్న ప్రతి ఏడూ కాస్త కాస్త కూలుతూనే వచ్చింది.

ప్రపంచ బ్యాంకు సాయంతో, దాదాపు 15 కోట్ల రూపాయలతో, దాన్ని పాత రూపంలోనే మళ్లీ కట్టారు. 2021 ఫిబ్రవరి 25న ప్రధాని మోదీ ప్రారంభించారు. ఆ తెల్లటి స్తంభాలు మళ్లీ సముద్రానికెదురుగా నిలబడితే నిజంగా మనసు నిండింది.

కానీ ఆ రోజున అందులో కూర్చోవడానికి ఎన్నికైన సభ్యులే లేరు! 1880 మార్చి 12 నాటి ఫ్రెంచి ఉత్తర్వుతో యానాంతో సహా ఇక్కడి పట్టణాలకు ఎన్నికైన సంఘాలు వచ్చాయి. స్వతంత్ర భారతంలోనేమో 1968 తర్వాత 38 ఏళ్లు ఎన్నికల ఊసే లేదు. 2006లో జరిగాయి. ఆ సంఘాల గడువు 2011లో తీరిపోయింది. 2021లో ఎన్నికల ప్రకటన వచ్చి, అదీ ఆగిపోయింది. మన యానాందీ అదే గతి. పన్నులు అధికారులు వసూలు చేస్తూనే ఉన్నారు. వీధిదీపం వెలగకపోతే నిలదీయడానికి మాత్రం మన వార్డు మనిషంటూ లేడు.

భవనం కూలడం ఊరంతా చూసింది కాబట్టి డబ్బొచ్చింది. సభ మూతబడితే ఎవరికీ పట్టలేదు. నాకు రెండోదే పెద్ద నష్టం. పుదుచ్చేరిలోనో యానాంలోనో ఓటున్న తెలుగువాళ్లకు నా మనవి ఒక్కటే: ఓటడగడానికి మీ గుమ్మంలోకి వచ్చిన ప్రతి నాయకుణ్ణీ మున్సిపల్ ఎన్నికలు ఎప్పుడు పెడతారో అడగండి, తేదీ చెప్పేదాకా అడగండి.